తలుపు తీసిన మనిషి

"బీమా సర్వేయరు పదకొండింటికి వస్తానన్నాడు. ఇప్పుడు తొమ్మిదిన్నర," అన్నాడు కెప్టెన్. "ఈలోగా నీ తమ్ముడి నోరు తెరిపించు. నేను అడిగితే గోడకేసి తిరుగుతున్నాడు."

ఆమె గిన్నె తోముతూనే ఉంది. అది అప్పటికే రెండుసార్లు తోమిన గిన్నె.

"తెరిచి ఏం చెప్పాలి?"

"తెలియనట్టు అడగకు. వాడు చెప్పాల్సింది ఇంతే. తలుపు నేనే తీశాను. తీయకూడదని నాకు ముందే నేర్పారు. కంగారులో మర్చిపోయాను. ఈ మూడు ముక్కలు చాలు."

"అవి మీ ముక్కలు కదా."

"ఎవరివైతే ఏంటమ్మాయ్," అన్నారు అత్తగారు, కుర్చీలో కూర్చుని కూర తరుగుతూ. "తీసింది వాడేగా. ఉన్నమాట చెప్పడానికి అంత బెట్టు దేనికి? ముప్పై ఒక్క ఏళ్ళొచ్చాయి, ఇంకా అక్క కొంగు చాటునే."

ఆమె గిన్నె బోర్లించి ఇంకోటి అందుకుంది. అత్తగారితో వాదించడం ఆమెకి బాగా వచ్చిన విద్య. మామూలు రోజుల్లో అయితే ఆ కొంగు మాటకి నాలుగు మాటలు తిరిగి వచ్చేవి, ఆవిడ కూడా వాటికోసమే ఎదురుచూసేవారు. ఈ పందొమ్మిది రోజుల నుంచీ ఆవిడ ఎంత గిల్లినా కోడలు ఉలకడం లేదు. అందుకు ఆవిడకి లోలోపల దిగులుగానే ఉంది. పైకి మాత్రం వంకాయల మీద చూపిస్తున్నారు.

పందొమ్మిది రోజుల క్రితం, జెట్టీకి కట్టేసి ఉన్న ఓనరుగారి షికారు పడవ యాట్‌లో, ఇంజన్ గదిలో మంటలు లేచాయి. ఆ యాట్‌కి కెప్టెన్ ఆమె భర్త. ఇంజన్ పనులు చూసేది ఆమె తమ్ముడు. ఆరడుగుల మనిషైనా చిన్నప్పటి నుంచీ ఇంట్లో అందరూ అతన్ని పండు అనే పిలుస్తారు. ఆ సమయానికి యాట్ మీద ఉన్నది పండు ఒక్కడే. అతను ఇంజన్ గది తలుపు తీశాడు. గాలి తగిలి మంట ముఖం మీదకి వచ్చింది. చేతులు అడ్డం పెట్టుకున్నాడు కాబట్టి ముఖం మిగిలింది.

చేతులు మోచేతుల దాకా కట్లలో ఉన్నాయి. కుడిచేతి వేళ్ళు మళ్ళీ వంగాలంటే ఇంకో ఆపరేషన్ చేయాలని, అదీ ఈ నెల దాటకూడదని డాక్టరమ్మ చెప్పింది. ఆసుపత్రి వాళ్ళు బీమా కంపెనీ ఉత్తరం కోసం చూస్తున్నారు. బీమా కంపెనీ తమ సర్వేయరు రిపోర్టు కోసం చూస్తోంది. సర్వేయరు పండు చెప్పే మాట కోసం వస్తున్నాడు. పండు ఎవరితోనూ మాట్లాడడం లేదు.

"వాడు మర్చిపోయానంటే అందరం గట్టెక్కుతాం," అన్నాడు కెప్టెన్, ఈసారి గొంతు తగ్గించి. "పనివాడి పొరపాటుకి పాలసీ వర్తిస్తుంది. పడవ డబ్బూ వస్తుంది, వాడి ఆపరేషనూ అవుతుంది. అదే మంటలార్పే డ్రిల్స్ సరిగ్గా చేయలేదని తేలిందనుకో, పాలసీయే చెల్లదు. నా లైసెన్సు పోతుంది. ఓనరు మన ముఖం చూడడు. వాడి చెయ్యి అలాగే ఉండిపోతుంది. నీకు ఏది కావాలో చెప్పు."

"వాడికి ఇంకెవరైనా పని ఇస్తారా? మంటల్లో తలుపు తీసినవాడని రాసుకున్నాక?"

కెప్టెన్ తువ్వాలు తీసుకుని, తడి లేని చేతులు తుడుచుకున్నాడు.

"ఇంకోటి. ఆ డ్రిల్ రిజిస్టర్ సంగతి అడిగితే నీకేం తెలియదను. అది పడవ మీద రాయాల్సింది. నీ చేత ఏదైనా రాయించినా అలా గుండ్రంగా రాయకు. కాస్త గజిబిజిగా రాయి."

"నాకు గజిబిజిగా రాయడం రాదు."

"ఒక్కరోజుకి నేర్చుకో."

ఆమె ఒకటో తరగతి టీచరు. పదమూడేళ్ళుగా పిల్లలకి అక్షరాలు దిద్దిస్తోంది. ఆమె రాత బోర్డు మీదైనా, పాల చీటీ మీదైనా ఒక్కలాగే ఉంటుంది. కెప్టెన్ రాత కెప్టెనే చదవలేడు. అందుకని డ్రిల్ రిజిస్టర్ ఇంటికి తెచ్చి, జేబులోంచి నలిగిన చీటీలు తీసి బల్ల మీద పెట్టేవాడు. ఆమె వాటిని చూసి చక్కగా రాసిపెట్టేది. కొన్ని నెలలు చీటీలు కూడా ఉండేవి కావు. "పోయిన నెలలాగే రాసెయ్" అనేవాడు. ఆమె రాసేసేది. అది తప్పని ఆమెకి అప్పుడు తోచలేదు. ఇంటికి తెచ్చిన పని అనుకుంది, అంతే.

* * *

పండు గదిలో కిటికీ తెరిచే ఉంది. మందు వాసన మాత్రం పోలేదు.

ఆమె గిన్నెలో అన్నం కలుపుకుని మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. "లేవరా, రెండు ముద్దలు తిను."

పండు లేచి కూర్చున్నాడు. నోరు తెరిచాడు. చిన్నప్పుడు అమ్మ ఆసుపత్రిలో ఉన్న ఏడాది ఇలాగే తినిపించింది. అప్పుడు వాడికి అయిదేళ్ళు, ఆమెకి పన్నెండు. అప్పుడు వాడు ముద్ద ముద్దకీ ఒక ప్రశ్న అడిగేవాడు. ఇప్పుడు నమలడం తప్ప ఏమీ లేదు.

"సర్వేయరు వస్తున్నాడు. తెలుసు కదా."

తల ఊపాడు.

"బావ చెప్పమన్నది చెప్తావా?"

మళ్ళీ ఊపాడు. ఆమె ముద్ద అందించబోయి ఆగిపోయింది. ఇంత సులువుగా ఊపుతాడని అనుకోలేదు. బతిమాలడానికి మాటలు సిద్ధం చేసుకుని వచ్చింది. అవి వాడలేదు. తేలిగ్గా అనిపించాల్సింది, కానీ ఏమీ అనిపించలేదు. ఈ మధ్య ఆమెకి దేనికీ ఏమీ అనిపించడం లేదు. కట్లు మార్చేటప్పుడు వాడు పళ్ళు బిగించినా, స్కూలు నుంచి పిల్లలు రంగులేసిన కాగితాలు పంపినా, అన్నీ అద్దం అవతల జరుగుతున్నట్టే ఉన్నాయి.

"నువ్వు నిజంగా మర్చిపోయావా?" అని అడిగింది.

పండు నోరు మూసుకున్నాడు. ఇంకో ముద్ద తినలేదు.

* * *

సర్వేయరు సరిగ్గా పదకొండింటికే వచ్చాడు. సన్నటి మనిషి. చెప్పులు విడిచి, రెండూ ఒకదాని పక్కన ఒకటి సరిచేసి మరీ లోపలికి వచ్చాడు. మంచినీళ్ళు అడిగి తెప్పించుకుని, గ్లాసు పక్కన పెట్టి మర్చిపోయాడు. గొంతు పెంచని మనిషి. ఆ మర్యాదే అందరినీ భయపెట్టింది.

పండు గదిలోకే కుర్చీలు తెచ్చారు. అత్తగారు గుమ్మం దగ్గర నిలబడ్డారు. సర్వేయరు సంచిలోంచి రిజిస్టర్ తీశాడు. అంచులు కాలలేదు, అట్ట మీద మసి కూడా లేదు. కాలిన పడవ తాలూకు పుస్తకం ఇంత శుభ్రంగా ఎలా ఉందని ఆయన అడగలేదు. అడుగుతాడేమోనని కెప్టెన్ మాత్రం నుదురు తుడుచుకున్నాడు.

"సొంత యాట్‌లకి ఈ నియమాలన్నీ పెట్టుకోమని చట్టం అడగదమ్మా," అన్నాడు సర్వేయరు, ఎందుకో ఆమెనే చూస్తూ. "అడిగింది మా కంపెనీ. పోయినేడాది మీ ఓనరుగారు సరేనని పాలసీ తీసుకున్నారు. కాబట్టి నేను చూసేది ఒక్కటే. నేర్పిన పద్ధతి ఉండి మనిషి తప్పు చేశాడా, లేక పద్ధతే కాగితం మీద ఉందా. మొదటిదైతే మాకు ఇబ్బంది లేదు. మనుషులు తప్పులు చేస్తారనే కదా బీమా."

"అంతేనండి, అంతే," అన్నాడు కెప్టెన్.

"ఈయన చెప్పింది కాగితం మీద ఉండాలి. చేతులు ఇలా ఉన్నాయి. నేను రాస్తే నా మాటలంటారు రేపు. ఇంట్లోవాళ్ళెవరైనా రాస్తే మేలు."

"నేను రాస్తానండి," అన్నాడు కెప్టెన్.

"మీరు కెప్టెన్. మీరు రాయకూడదు." సర్వేయరు ఆమెకి కాగితం, కలం అందించాడు. "మీరు రాయండమ్మా."

కెప్టెన్ ఆమె వైపు చూశాడు. ఆమె కాగితం ఒళ్ళో పలక మీద పెట్టుకుంది. తేదీ వేసింది. చెయ్యి తనకి తెలిసిన ఒక్క తీరులోనే రాసింది. గుండ్రంగా, పిల్లలు చూసి దిద్దుకునేలా. సర్వేయరు ఆ తేదీని చూశాడు, తన ఒళ్ళో ఉన్న రిజిస్టర్‌ని చూశాడు. పండు వైపు తిరిగాడు.

"ఇంజన్ గదిలో మంట వస్తే ఏం చేయాలి?"

పండు గొంతు బొంగురుగా వచ్చింది. ఇన్ని రోజుల తరవాత వాడి గొంతు విని అత్తగారు గుమ్మం వదిలి ఒక అడుగు లోపలికి వేశారు.

"తలుపు తీయకూడదు. గాలి వెళ్ళే దారులు మూసెయ్యాలి. బయట బోర్డు మీద బిళ్ళలు చూడాలి. ఒక్కొక్కరికి ఒక బిళ్ళ ఉంటుంది. పచ్చ వైపు ఉంటే మనిషి పడవ మీద ఉన్నట్టు. ఎరుపు ఉంటే దిగిపోయినట్టు. ఎక్కినా దిగినా ముందు బిళ్ళ తిప్పాలి. లోపల ఎవరూ లేరని తేలాకే మంటలార్పే గ్యాసు వదలాలి. ఆ గ్యాసులో మనిషి ఉంటే బతకడు."

"బాగా నేర్పారు," అన్నాడు సర్వేయరు.

కెప్టెన్ తల పంకించాడు. ఆమె మాత్రం కలం పట్టుకుని ఆగిపోయింది. నేర్పింది కెప్టెన్ కాదు.

నేర్చుకున్నది వంటింట్లో. నాలుగు నెలల క్రితం, డ్రిల్ చేయాల్సిన రోజున ఓనరుగారి చుట్టాలు షికారుకి దిగారు. డ్రిల్ జరగలేదు. కెప్టెన్ "రాసెయ్" అని రిజిస్టర్ ఇచ్చి వెళ్ళాడు. ఆమె రాస్తుంటే పండు టీ కోసం వచ్చాడు. చెయ్యనిది చేశానని సంతకం ఎలా పెట్టనక్కా అని నవ్వాడు. అయితే ఇప్పుడే చెయ్యరా అంది ఆమె. ఫ్రిజ్ ఇంజన్ గది అయింది. గోడకున్న తాళాల కొక్కేలు బోర్డు అయ్యాయి. కుక్కరు కూత పెట్టగానే పండు పరుగెత్తుకొచ్చి, ఫ్రిజ్ తలుపుకి వీపు ఆనించి నిలబడి, పాఠం అప్పజెప్పాడు. ఆమె పుస్తకం చూసి దిద్దింది. మూడుసార్లు చేశారు. మూడోసారి తప్పుల్లేవు.

ఆ మూడోసారే వాడు కొక్కేల వైపు చూసి, "బావ తాళం ఇక్కడే ఉందక్కా. అంటే బావ లోపలే ఉన్నాడు. ఇప్పుడేం చేయాలి?" అన్నాడు. ఆమె పేజీలు తిప్పింది. అది ఇందులో లేదురా అంది. "అయితే వెళ్ళి తెచ్చుకోవాలి," అని ఫ్రిజ్ తీసి, ఒక ఆపిల్ పండు తీసుకుని కొరికాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

"ఇంత తెలిసీ తలుపు ఎందుకు తీశారు?" అని అడిగాడు సర్వేయరు.

"మర్చిపోయాను."

"కంగారులోనా?"

"ఆ. కంగారులో."

"రాసుకోండమ్మా."

ఆమె రాసింది. తలుపు నేనే తీశాను. తీయకూడదని నాకు ముందే నేర్పారు. కంగారులో మర్చిపోయాను. పొద్దున కెప్టెన్ చెప్పిన మూడు ముక్కలూ అదే వరసలో కాగితం మీద పడ్డాయి. రాతలో ఒక్క వంకర లేదు.

కిందనుంచి ఎవరో గట్టిగా హారన్ కొట్టారు. సర్వేయరు కారు గేటుకి అడ్డంగా ఉందట. ఆయన నొచ్చుకుంటూ లేచాడు. వెనక్కి తీయడానికి సందు ఇరుకు, నేను చూపిస్తానంటూ కెప్టెన్ కూడా దిగాడు. దిగేముందు గుమ్మంలో ఆగి, ఆమె కాగితం వైపు చూసి, బాగానే ఉందన్నట్టు తల ఆడించాడు. అత్తగారు పొయ్యి మీద ఏదో మాడుతోందని వెళ్ళారు.

గదిలో అక్కా తమ్ముడూ మిగిలారు.

"పండూ."

"ఊఁ."

"బోర్డు మీద ఎవరి బిళ్ళ పచ్చగా ఉందిరా?"

వాడు కట్ల వైపు చూసుకున్నాడు. కింద కారు స్టార్టయింది. ఇంకొంచెం, ఇంకొంచెం అని కెప్టెన్ గొంతు వినిపిస్తోంది.

"నాదీ, బావదీ," అన్నాడు.

ఆమె కలం మూత పెట్టింది. మళ్ళీ తీసింది.

"పిలిచాను. పలకలేదు. పొగకి పడిపోయాడేమో అనుకున్నాను. గ్యాసు మీట మీద చెయ్యి పెట్టి కూడా లాగలేకపోయాను. లాగితే చచ్చిపోతాడు కదక్కా. నీకేం చెప్పాలి నేను?"

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమవుతుంది? బోర్డు కాలిపోయింది. బావ బిళ్ళ తిప్పే దిగానని రాసిచ్చాడు. నేను కాదంటే నువ్వు ఎవరిని నమ్మాలి? ఆయనతో బతకాల్సింది నువ్వు." వాడు గోడకేసి తిరిగాడు. "రాయకు. నువ్వు అడిగావు కాబట్టి చెప్పానంతే. నా చెయ్యి బాగుపడితే చాలు. తలుపు తీసింది నేనేగా, అబద్ధం కాదుగా."

ఆమెకి ఏడుపు రాలేదు. రావాలని చూసింది కూడా. దానికి బదులు ఒక మాట గుర్తొచ్చింది. అది పందొమ్మిది రోజులుగా ఆమె దగ్గరే ఉంది. పనికొచ్చే మాటని తెలియక పక్కన పడేసింది.

మంటలు లేచిన ఆ మధ్యాహ్నం కెప్టెన్ ఇంటికి వచ్చాడు. మర్నాడు కంపెనీవాళ్ళు తనిఖీకి వస్తున్నారని, ఆమె రాసిపెట్టిన రిజిస్టర్ కోసం వచ్చాడు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని వరసగా సంతకాలు పెట్టాడు. టీ పెడతానంటే వద్దన్నాడు. ఆ పేజీ కింద వరసలోనే ఆమె గుండ్రటి అక్షరాల్లో ఉంది, ఎక్కినా దిగినా ముందు బిళ్ళ తిప్పాలని. దాని పక్కన సంతకం పెడుతూ నవ్వాడు. "పది నిమిషాల్లో వెళ్ళిపోవాలి. బిళ్ళ కూడా తిప్పకుండా వచ్చేశాను," అన్నాడు. ఆమె కూడా నవ్వింది. చివరి సంతకం ఆరకముందే జెట్టీ నుంచి ఫోన్ వచ్చింది.

అంటే ఆయనకి తెలుసు. పండు తలుపు ఎందుకు తీశాడో మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసే పొద్దున తువ్వాలుతో పొడి చేతులు తుడుచుకున్నాడు.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఆమె కాగితం వైపు చూసింది. కింద మూడు వేళ్ళంత ఖాళీ ఉంది. ఆ ఖాళీలో ఒక్క వాక్యం పడితే పాలసీ పోవచ్చు, లైసెన్సు పోవచ్చు, పండు ఆపరేషన్ కూడా పోవచ్చు. పడకపోతే, బావని వెతకడానికి మంటల్లోకి చేతులు పెట్టినవాడు జీవితాంతం మతిమరుపువాడిగా మిగిలిపోతాడు. రెండూ ఆమెకి స్పష్టంగానే కనిపించాయి. ఏది ఎక్కువ బరువో మాత్రం తేలలేదు.

సర్వేయరు వచ్చి కూర్చున్నాడు. ఈసారి మంచినీళ్ళ గ్లాసు గుర్తొచ్చి సగం తాగాడు.

"పూర్తయిందా అమ్మా?"

"పూర్తయినట్టేనండి," అన్నాడు వెనకనుంచి కెప్టెన్. "సాక్షి సంతకం మా అమ్మ పెడుతుంది."

ఆమె కాగితం ఇవ్వలేదు. పలక మీద సరిచేసుకుంది.

"లేదండి. ఇంకో వాక్యం ఉంది."

"అక్కా, వద్దు," అన్నాడు పండు, గోడకేసి ఉన్నవాడు ఇటు తిరిగి. కట్టు కట్టిన చెయ్యి ఒకటి దుప్పటి మీద నుంచి లేచింది.

సర్వేయరు ముగ్గురినీ ఒకరి తరవాత ఒకరిని చూశాడు. ఒళ్ళో ఉన్న రిజిస్టర్ మూసేశాడు.

"ఈయన చెప్పిందేనా అది?"

"కాదండి," అంది ఆమె, భర్త ముఖంలోకి చూస్తూ. "ఈ ఇంట్లో నేను నా చెవులతో విన్నది."